బొలీవియా కోకా రైతుల సంఘం దేశాన్ని ఏలే దాకా ఎలా వెళ్లింది? మెట్టు మెట్టుగా కావాలి

మన్యంవాకిలి

ఎక్కడ చదివినా ఒకటే ముక్క: 2005లో బొలీవియా ఒక ఆదివాసీని అధ్యక్షుణ్ని చేసుకుంది. అంతే, కథ అయిపోతుంది. దానికి ముందు ఏం చేశారో, ఎక్కడ కూర్చుని ఏం నిర్ణయించుకున్నారో ఎవరూ రాయరు. నాకు కావలసినవి మూడు. పార్టీకి గుర్తింపు ఎలా సంపాదించారు? ఊళ్లో సంఘం ఓటుగా ఎలా మారింది? గెలిచాక ఎక్కడ తప్పింది?

అడగడానికి కారణం ఉంది. జైపాల్ సింగ్ ముండా గారి ఝార్ఖండ్ పార్టీ 1952లోనే బిహార్ అసెంబ్లీలో 32 సీట్లు గెలిచింది. 1963కల్లా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రాష్ట్రం వచ్చేసరికి 2000 నవంబరు 15. అక్కడ కోకా ఆకు పండించే రైతులు పదేళ్లలో దేశాధికారం దాకా వెళ్తే, ఇక్కడ ఒక్క రాష్ట్రానికే యాభై ఏళ్లు ఎందుకు పట్టింది?

లెక్కలపంతులు

సగం జవాబు జనాభాలోనే ఉంది. 2001 జనగణనలో బొలీవియాలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 62 శాతం మంది తాము ఐమారాలమనో, కెచువాలమనో, మరో మూలజాతి వాళ్లమనో చెప్పుకున్నారు. మన దేశంలో ఎస్టీలు 2011 లెక్కల్లో 8.6 శాతం. లోక్‌సభలో 543కి 47 సీట్లు. తెలంగాణలో 119కి 12, ఆంధ్రలో 175కి 7. ఇక్కడ ఎంత బాగా కట్టుకున్నా దేశం దాకా చేరే సంఖ్య కాదది.

ఇంద్రవెల్లి_దారి

పంతులు సారూ, గా లెక్క 2001లనే పుట్టిందా? అక్కడ చదువు రానోళ్లకు సుత ఓటు 1952లనే వచ్చింది. మరి 53 ఏండ్లు ఎందుకు పట్టింది? మంది ఎక్కువున్నంత మాత్రాన రాజ్యం రాదు. ఆ మందిని ఒక్కతాన నిలబెట్టేది ఏందో గది చెప్పాలె.

లెక్కలపంతులు

ఒప్పుకుంటున్నాను. సంఖ్య లేకపోతే కుదరదు, ఉన్నంత మాత్రాన కాదు.

ఎర్రమట్టి_రాదారి

ఇంద్రవెల్లి గారు సరైన చోట పట్టుకున్నారు. ఆ 53 ఏళ్లలో జరిగింది చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

1952 విప్లవంతో వచ్చిన ఎంఎన్ఆర్ (జాతీయ విప్లవ ఉద్యమం అనే పార్టీ) ప్రభుత్వం అందరికీ ఓటు ఇచ్చింది, గనులు జాతీయం చేసింది, 1953 ఆగస్టు 2న భూసంస్కరణ తెచ్చింది. దాంతోపాటు 'ఇండియో' అన్న పిలుపు మాన్పించి 'కంపెసీనో', అంటే రైతు, అనమంది. ఊరూరా సిండికాటో అనే రైతు సంఘాలు పెట్టించింది. పేరుకు రైతు సంఘం, పగ్గం సర్కారు చేతిలో. 1964లో జనరల్ బర్రియెంతోస్ వచ్చాక అదే పగ్గం సైన్యం చేతికి పోయింది. దాన్ని సైనిక-రైతు ఒప్పందం అంటారు. 1974 జనవరిలో ధరల పెంపు మీద కోచబాంబా లోయ రైతులు రోడ్లు ఆపితే తొలాతా దగ్గర సైన్యం కాల్పులు జరిపింది. ఒప్పందం అక్కడ తెగింది.

ఈలోగా లా పాజ్‌లో చదువుకున్న ఐమారా యువకులు 1973లో తివానాకు ప్రకటన రాశారు. వీళ్లనే కటారిస్టులంటారు. 1781లో లా పాజ్‌ని నెలల తరబడి ముట్టడించిన తూపాక్ కటారి పేరు మీద. వాళ్ల వాదన ఏమిటంటే, రెండు కళ్లతో చూడాలి: ఒక కంటితో దోపిడీకి గురయ్యే రైతుగా, ఇంకో కంటితో అణగారిన జాతిగా. 1979లో ఈ ధోరణి వాళ్లే దేశవ్యాప్త రైతు సమాఖ్య సీఎస్‌యూటీసీబీ కట్టారు. మరుసటి ఏడు కటారి భార్య బార్తొలినా సీసా పేరుతో ఆడవాళ్ల సమాఖ్య వచ్చింది.

సర్కారు పెట్టించిన సంఘం చట్రాన్ని పగలగొట్టలేదు, లోపలి నుంచి స్వాధీనం చేసుకున్నారు. అసలు కీలకం ఇదే.

పటాలపిచ్చి

దీనికి పక్కన భూగోళం కూడా పెట్టుకోండి. 1985 ఆగస్టు 29న ప్రభుత్వ రంగాన్ని కుదించే 21060 డిక్రీ వచ్చింది. అదే ఏడు అక్టోబరులో ప్రపంచ తగరం మార్కెట్ కూలింది. ప్రభుత్వ గనుల సంస్థ కోమిబోల్ నుంచి 20 వేలకు పైగా గని కార్మికులు బయటపడ్డారు. వాళ్లలో కొందరు ఎల్ ఆల్టోకి, కొందరు కోచబాంబా దిగువన ఉన్న వేడి అడవి ప్రాంతం చపారేకి చేరారు. దశాబ్దాల సమ్మె అనుభవం ఉన్నవాళ్లు. చపారేలో పండి, అమ్ముడై, డబ్బు తెచ్చేది కోకా. ఏడాదికి మూడు నాలుగు కోతలు.

ఇక 1988లో 1008 చట్టం: పాత సాగు ప్రాంతం యుంగాస్‌లో 12 వేల హెక్టార్లు చట్టబద్ధం, చపారే పంట 'మిగులు' కాబట్టి పీకెయ్యాలి. పీకడానికి అమెరికా డబ్బు, ఒత్తిడి. ఒకే పంట, ఒకే శత్రువు, ఒకే రోడ్డు. కోచబాంబా నుంచి సాంతా క్రూజ్ వెళ్లే రహదారి చపారే మధ్యలోంచే పోతుంది.

కృష్ణలంక_కుర్రాడు

సంఘం ఓటుగా ఎలా మారిందో ఇంకా ఎవరూ చెప్పలేదు. సభ్యత్వ చీటీ ఉన్నంత మాత్రాన జనం చెప్పినవాళ్లకి వెయ్యరు కదండీ.

ఎర్రమట్టి_రాదారి

చపారే సిండికాటోని మనం చూసే యూనియన్‌లా ఊహించుకోకండి. కొత్తగా వచ్చిన కుటుంబానికి భూమి చూపించేది సిండికాటో. గట్టు తగాదా తీర్చేది అదే. బడికి గది, బాటకి పని అన్నీ అక్కడే. ప్రతిగా కుటుంబం నుంచి ఒకరు నెలవారీ సమావేశానికి రావాలి, ఉమ్మడి పనికి రావాలి, రాస్తారోకోకి రావాలి. రాకపోతే జరిమానా. పదేపదే ఎగ్గొడితే భూమి మీద హక్కుకే ఎసరు.

వరస ఇలా ఉంటుంది: కొన్ని పదుల కుటుంబాలు కలిస్తే సిండికాటో, కొన్ని సిండికాటోలు కలిస్తే సెంట్రల్, సెంట్రళ్లు కలిస్తే ఫెడరేషన్. చపారేలో ఆరు ఫెడరేషన్లు. 1996లో ఆ ఆరింటి సమన్వయ సంఘానికి నాయకుడు అయినవాడే ఈవో మొరాలెస్, 2005లో అధ్యక్షుడిగా గెలిచింది ఈయనే. పెద్ద నిర్ణయాలు అంప్లియాడో అనే విస్తృత సభలో. కింది సభలో తేలింది పైకి మోస్తారు, పైన తేలింది మళ్లీ కింద వినిపిస్తారు. అభ్యర్థినీ ఆ సభల్లోనే నిలబెట్టారు. కాబట్టి ప్రచారం వేరే అక్కర్లేదు. ఓటరు జాబితా, సంఘం హాజరు పట్టీ ఇంచుమించు ఒకటే.

ఇంద్రవెల్లి_దారి

అంటే బలవంతం సుత ఉన్నట్టే గదా. జరిమానా ఏస్తే ఎవడు రాడు?

ఎర్రమట్టి_రాదారి

ఉంది. దాచడానికి లేదు. అందుకే ఆ క్రమశిక్షణని ఆకాశానికెత్తేవాళ్లతో నాకు పేచీ. నాయకుణ్ని ఎదిరించేవాడికి సంఘంలో చోటు తక్కువ. తర్వాత వచ్చిన కష్టానికి విత్తనం ఇక్కడే పడింది.

మన్యంవాకిలి

ఇది చాలా ఉపయోగపడింది. పార్టీ గుర్తింపు సంగతి?

దస్తావేజు

అది నేను చెప్తాను, ఇందులో మెలికలు చాలా ఉన్నాయి.

ఒకటి, 1994 ప్రజాభాగస్వామ్య చట్టం. దేశాన్ని 311 మున్సిపాలిటీలుగా విడగొట్టి జాతీయ పన్నుల్లో 20 శాతం జనాభా లెక్కన పంచింది. అంతకు ముందు ఆ డబ్బులో సింహభాగం మూడు పెద్ద నగరాలకే పోయేది. పల్లె మున్సిపాలిటీకి మేయరు, కౌన్సిలు, నిధులు మొదటిసారి వచ్చాయి. ఇది తెచ్చింది సాంచెజ్ ది లొసాదా ప్రభుత్వం, జనం 'గోనీ' అంటారు. అదే ఏడు రాజ్యాంగ సవరణతో దిగువ సభలో 130కి 68 సీట్లు మన పద్ధతిలాగా నియోజకవర్గానికొక్కరు అయ్యాయి. ఒకచోట గట్టిగా గుమికూడిన ఓటుకి ఇది వరం.

రెండు, 1995లో రైతు సంఘాలు సాంతా క్రూజ్ మహాసభలో తమకంటూ ఒక 'రాజకీయ సాధనం' ఉండాలని తీర్మానించుకున్నాయి. పార్టీ అన్నమాట వాడలేదు, చూడండి. సంఘమే యజమాని, అది చేతిలోని పనిముట్టు. ఎన్నికల కోర్టు దానికి గుర్తింపు ఇవ్వలేదు. అందుకని ఐక్య వామపక్షం అనే చిన్న కూటమి గుర్తు అరువు తెచ్చుకుని ఆ ఏడు మున్సిపల్ ఎన్నికల్లో దిగి కోచబాంబా పల్లెల్లో మేయర్లని గెలిపించుకున్నారు. 1997లో అదే గుర్తు మీద దిగువ సభకి నలుగురు డిప్యూటీలు. మొరాలెస్‌కి ఆయన నియోజకవర్గంలో దాదాపు 70 శాతం.

మూడు, లోపల చీలిక వచ్చాక మొరాలెస్ వర్గం మళ్లీ గుర్తింపు లేకుండా మిగిలింది. 1999 ఎన్నికలకి ముందు, దావీద్ అన్యెజ్ అనే ఆయన దగ్గర వాడకంలో లేని ఒక పార్టీ రిజిస్ట్రేషన్ ఉంటే తీసుకున్నారు. అదే 'సోషలిజం వైపు ఉద్యమం', పొట్టిగా మాస్. ఆ పార్టీ పుట్టుక మితవాద ఫలాంజే చీలికలో! పేరు, రంగులు మార్చడానికి వీల్లేదు కాబట్టి నీలం, తెలుపు, నలుపు అలాగే ఉంచి, సొంత పేరు 'ఐపీఎస్‌పీ'ని (ప్రజల సార్వభౌమత్వం కోసం రాజకీయ సాధనం) తోకగా తగిలించారు.

కృష్ణలంక_కుర్రాడు

మాస్ పార్టీ! మన సినిమావాళ్లకి తెలిస్తే టైటిల్ రిజిస్టర్ చేయించేస్తారు.

దస్తావేజు

అక్కడ ఆ మాటకి 'మరింత' అని కూడా అర్థం. వాళ్లకీ కలిసొచ్చింది.

పటాలపిచ్చి

2002 జూన్ 30 అధ్యక్ష ఎన్నిక మరవద్దు. గోనీకి 22.46 శాతం, మొరాలెస్‌కి 20.94, మన్‌ఫ్రెద్ రేయెస్ విల్లాకి 20.91. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య వెంట్రుకవాసి. పోలింగ్‌కి కొద్ది రోజుల ముందు అమెరికా రాయబారి మాన్యుయెల్ రోచా, మొరాలెస్‌ని గెలిపిస్తే అమెరికా సాయం ఆగుతుందని బహిరంగంగా హెచ్చరించాడు. దాంతో ఓట్లు పెరిగాయి తప్ప తగ్గలేదు. ఆ రోచాయే 2024లో క్యూబాకి ఏజెంటుగా పనిచేసినట్టు ఒప్పుకుని 15 ఏళ్ల శిక్ష వేయించుకున్నాడు.

అల్టిప్లానో

అందరూ చపారే చుట్టే తిరుగుతున్నారు. ప్రభుత్వాన్ని దించింది చపారే కాదు, ఎల్ ఆల్టో.

లా పాజ్ ఒక గిన్నె అడుగున ఉంటుంది. ఎల్ ఆల్టో ఆ గిన్నె అంచు మీద, 4 వేల మీటర్ల ఎత్తున. విమానాశ్రయం, బయటికి పోయే ప్రధాన రోడ్లు, సెంకాటా ఇంధన డిపో అన్నీ పైనే. అంచు మూస్తే అడుగున పెట్రోలు, వంటగ్యాసు, కూరగాయలు ఆగుతాయి. 2001లో అక్కడ ఆరున్నర లక్షల జనం, పది మందిలో ఎనిమిది మంది ఆదివాసీలమని చెప్పుకున్నవాళ్లు. పేటకో సంఘం, వాటన్నిటికీ ఫెహూవె అనే సమాఖ్య.

పద్ధతి పల్లెది. ఐమారా ఐయ్యూలో, అంటే వాళ్ల సంప్రదాయ ఊరుమ్మడిలో, ఊరి పెద్దరికం ఏడాదికి ఒకరి వంతు, తప్పించుకోలేని బాధ్యత. రాస్తారోకోకీ అదే వంతు. ఒక ఊరివాళ్లు కొన్ని రోజులు కూర్చుంటే తర్వాత ఊరు దిగుతుంది. రోడ్డంతా రాళ్లు పరుస్తారు, సైన్యం ఒకచోట ఏరితే వెనక ఇంకోచోట పడతాయి. తిండి ఎవరింట్లోది వాళ్లు మూటకట్టి తెచ్చి ఒకే గుడ్డ మీద పోసి పంచుకుంటారు. దాన్ని అప్తపి అంటారు. వంతు ఉంది కాబట్టి పంట పని ఆగదు, అందుకే వారాల తరబడి సాగింది.

2003 అక్టోబరులో చిలీ రేవు గుండా గ్యాసు ఎగుమతి మీద గొడవ. ఇంధన లారీలని సైన్యం కాపలాతో కిందికి దింపబోయినప్పుడు కాల్పులు జరిగాయి. అరవై మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 17న గోనీ దేశం వదిలిపోయాడు. ఇందులో మాస్ పాత్ర చిన్నది. పల్లె ఐమారాలకి నాయకుడు 'మాయ్‌కు' ఫెలిపె కిస్పె. 2002లో ఆయన సొంత పార్టీకి 6 శాతమే వచ్చింది. వీధిలో పోరాడింది ఒకరు, పెట్టెలో పండింది ఇంకొకరికి.

ఎర్రమట్టి_రాదారి

చివరి వాక్యంతో ఏకీభవించను. కిస్పె గారు ఐమారా దేశం గురించి మాట్లాడారు. ఆ మాట కెచువా రైతుకి, కోచబాంబా చేతివృత్తివాడికి, నగరంలోని మెస్తీజోకి (మిశ్రమ జాతివాడికి) తలుపు తెరవలేదు. మాస్ నీళ్లు, గ్యాసు, కోకా అంది. 2000 ఏప్రిల్‌లో కోచబాంబా నీటి పోరులో అందరూ ఒక్క వీధిలో నిలబడి అమెరికా సంస్థ బెక్టెల్ భాగస్వామిగా ఉన్న కంపెనీ నీటి సరఫరా ఒప్పందం రద్దు చేయించారు. ఆ పాఠం మాస్ పట్టుకుంది. 2005లో మొరాలెస్‌కి వచ్చిన 53.7 శాతం ఒక్క జాతి ఓటు కాదు.

అల్టిప్లానో

పట్టుకుంది, నిజమే. కానీ ఐమారా జెండా విఫాలా వీధిలోకి తెచ్చినవాళ్లు కటారిస్టులు. ఆ ఆత్మగౌరవం లేకపోతే 2001లో 62 శాతం మంది అలా చెప్పుకునేవాళ్లే కాదు.

ఎర్రమట్టి_రాదారి

దానికి మాత్రం అడ్డు చెప్పను. రెండు కళ్లన్నారు కదా.

బుర్రలోపురుగు

మెక్సికోకి బెనీతో హువారెజ్ 1858లోనే అధ్యక్షుడు కదా, జపోటెక్ ఆదివాసీ. మరి బొలీవియాని ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి?

దస్తావేజు

ఈ చర్చకే కావలసిన ప్రశ్న అది. హువారెజ్ ఆదివాసీ, వెనక ఆదివాసీ ఉద్యమం లేదు. ఆయన ఉదారవాద పక్షం 1856లో తెచ్చిన చట్టం ఊరుమ్మడి భూముల్ని ముక్కలు చేసింది. బొలీవియాలోనే 1993లో ఐమారా నేత విక్తోర్ ఊగో కార్దెనాస్ ఉపాధ్యక్షుడయ్యాడు, గోనీ పక్కన. రెండు భాషల చదువు లాంటివి వచ్చాయి, కానీ పగ్గం ఎంఎన్ఆర్‌దే. మనిషి పీఠం ఎక్కడం వేరు, సంఘం ఎక్కడం వేరు.

గోదారిగట్టు

ఈక్వడార్‌ని ఎవరూ ఎత్తలేదేంటండీ? అక్కడ సంఘం ఇంకా బలంగా ఉండేది. ఆదివాసీ సంఘాల సమాఖ్య కొనాయె 1986లో పుట్టింది, 1990 జూన్‌లో దేశమంతా స్తంభించిపోయింది. 1995లో పచకుతిక్ పార్టీ. ఐనా రాజ్యం రాలేదు.

దస్తావేజు

అడ్డదారి తొక్కారు. 2000 జనవరి 21న కర్నల్ లూసియో గుతియెర్రెజ్‌తో కలిసి అధ్యక్షుడు మహువాద్‌ని దించారు. ముగ్గురి పాలక మండలిలో కొనాయె నేత అంతోనియో వార్గాస్ కూర్చున్నది గంటల లెక్కే. 2002లో సొంత అభ్యర్థి లేకుండా అదే కర్నల్‌కి మద్దతిచ్చారు. నీనా పకారి విదేశాంగ మంత్రి, లూయిస్ మకాస్ వ్యవసాయ మంత్రి. గెలిచిన ఆ కర్నల్ ఐఎంఎఫ్ బాట పట్టాక 2003 ఆగస్టులో బయటికొచ్చారు. ఏడు నెలల మంత్రి పదవులకి పదేళ్ల నమ్మకం ఖర్చయింది. 2006లో మకాస్‌కి 2 శాతం చిల్లర ఓట్లు. 2021లో యాకు పెరెజ్ 19.39 దాకా వచ్చి రెండో రౌండుకి కొద్దిలో తప్పిపోయాడు.

మన్యంవాకిలి

ఝార్ఖండ్ విలీనం గుర్తొస్తోంది. సంఘం కంటే ముందు పదవి రావడం.

లెక్కలపంతులు

అంత నేరుగా పోల్చకండి. ఝార్ఖండ్ పార్టీకి 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం రాష్ట్రం ఇవ్వనంది, ఆ తర్వాత పార్టీ దగ్గర చూపించడానికి ఫలితం లేకపోయింది. అడిగినదాన్ని ఇచ్చే చెయ్యి ఢిల్లీలో ఉంది. బొలీవియాలో అడిగేవాళ్లే ఇచ్చే చోటికి పోగలిగారు. మళ్లీ సంఖ్యే.

ఇంద్రవెల్లి_దారి

మనకాడ ఇంకోటి. ఐదో షెడ్యూలు, 1/70, 1997 సమతా తీర్పు అన్నీ భూమిని కాపాడేటియే. గవి కోర్టుల, గవర్నర్ కాడ తేలుతయి. 2020లో టీచర్ కొలువుల 100 శాతం రిజర్వేషన్ జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది, ఏజెన్సీ ఊళ్లకు ఏం చెయ్యనీకి రాలే. కాపాడే చట్టం వేరు, మన చేతుల పైసలుండే మున్సిపాలిటీ వేరు. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) గ్రామసభకు గా 20 శాతం అసోంటి నిధి ఏడున్నది?

గోదారిగట్టు

బాగా చెప్పారండి.

కృష్ణలంక_కుర్రాడు

గెలిచాక గ్యాసు కంపెనీల్ని తరిమేశారు కదా, అది కూడా చెప్పండి.

పటాలపిచ్చి

తరమలేదు. 2006 మే 1న 28701 డిక్రీ ఇచ్చి, 180 రోజుల్లో కొత్త ఒప్పందం రాసుకోండి, లేదా వెళ్లండి అన్నారు. అంతకు ముందే 2005 చట్టంలో 18 శాతం రాయల్టీ, 32 శాతం నేరు పన్ను ఉన్నాయి. ఆ గడువులో రెండు పెద్ద క్షేత్రాలు సాన్ అల్బెర్తో, సాన్ అంతోనియోల మీద మరో 32 శాతం వేసి 82 చేశారు. అక్టోబరు ఆఖరుకి పెట్రోబ్రాస్, రెప్సోల్ సహా అందరూ సంతకం పెట్టారు. ఆ డబ్బుతోనే ముసలివాళ్లకి పింఛను, బడి పిల్లలకి ఏడాదికి 200 బొలీవియానోలు. 2014 తర్వాత గ్యాసు ఉత్పత్తి, ధర రెండూ పడ్డాయి. కొత్త బావులు సరిపడా తవ్వలేదు. డాలర్లు అక్కడే తరిగాయి.

దస్తావేజు

రాజ్యాంగం సులువుగా రాలేదని కూడా చెప్పాలి. 2006 ఆగస్టు 6న సుక్రేలో రాజ్యాంగ సభ కూర్చుంది. 255 మందిలో మాస్‌కి 137. మూడింట రెండొంతులు కావాలంటే 170. ఓటింగ్ నియమం మీదే నెలలు గడిచాయి. సెనేట్‌లో 27కి 12 మందే. తూర్పు జిల్లాలు సాంతా క్రూజ్, బేని, పాండో, తరీహా స్వయంపాలన పేరుతో ఎదురు తిరిగాయి. 2008 సెప్టెంబరులో పాండోలో రైతుల్ని చంపారు. చివరికి పార్లమెంటులో రాజీ: 5 వేల హెక్టార్ల భూపరిమితి పాత కమతాలకి వర్తించదు. 2009 జనవరి 25న 61.43 శాతంతో గెలిచింది. 36 మూలవాసీ భాషలకి అధికార హోదా వచ్చింది. ప్రత్యేక సీట్లు మాత్రం 130కి ఏడే.

మన్యంవాకిలి

ఎక్కడ తప్పిందన్నది మిగిలింది.

అల్టిప్లానో

టిప్నిస్. 2011. చపారే అంచున ఉన్న విల్లా తునారి నుంచి సాన్ ఇగ్నాసియో దె మోహోస్‌కి రోడ్డు, నడిమి భాగం టిప్నిస్ అనే, ఆదివాసీల ఉమ్మడి హక్కు ఉన్న అడవి గుండా. కొత్త రాజ్యాంగంలోనే ముందు సంప్రదించాలని రాసి ఉంది. గుత్తేదారుతో ఒప్పందం ముందు, మాట తర్వాత. ఆగస్టు 15న త్రినిదాద్ నుంచి దిగువ ప్రాంత ఆదివాసీలు నడక మొదలుపెట్టారు. 1990లో వాళ్ల పెద్దలు ఇదే ఊరి నుంచి లా పాజ్‌కి 34 రోజులు నడిచారు. సెప్టెంబరు 25న చపారీనాలో పోలీసులు వాళ్ల మీద పడ్డారు. అక్టోబరులో రోడ్డు ఆపుతూ చట్టం చేశారు, 2017లో ఆ రక్షణ తీసేశారు.

రోడ్డు వస్తే ఎవరికి భూమి దొరుకుతుంది? చపారే నుంచి పైకి జరిగే కోకా రైతులకి. ఆదివాసీ ప్రభుత్వంలో రెండు రకాల ఆదివాసీలు ఎదురుపడ్డారు. లోతట్టు ప్రాంతాల సమాఖ్య సీదోబ్, ఎగువ ఐయ్యూల కొనామాక్ రెండూ కూటమి వదిలేశాయి. పోలీసుల లాఠీ కింద పడ్డవాళ్లు ఆ రాజ్యాంగం కోసం నడిచినవాళ్లు. నాకు ఇది మిగతా అన్నిటికంటే పెద్ద తప్పు.

ఎర్రమట్టి_రాదారి

ఆ పైన పీఠం సంగతి. 2016 ఫిబ్రవరి 21 రెఫరెండంలో మొరాలెస్ మళ్లీ పోటీ చెయ్యొద్దని 51.3 శాతం అన్నారు. 2017లో రాజ్యాంగ కోర్టు పోటీ చెయ్యొచ్చంది. 2019 అక్టోబరు ఎన్నిక గొడవ, నవంబరు 10న సైన్యం సూచన, రాజీనామా. సకాబా, సెంకాటా కాల్పులు ఆ తర్వాతి ప్రభుత్వం కింద జరిగాయి. జనం 2020లో లూయిస్ ఆర్సెకి 55 శాతం ఇచ్చి మాస్‌ని తిరిగి తెచ్చారు, అంటే సంఘం బతికే ఉంది. తర్వాత ఆర్సె, మొరాలెస్ వర్గాలు ఒకరి సభ ఒకరు చెల్లదంటూ ప్రతి సమాఖ్యనీ రెండుగా చీల్చాయి. 2025 ఆగస్టులో మాస్ అభ్యర్థికి 3 శాతం పైచిలుకు. చపారేలో వంతులవారీ పెద్దరికం సూత్రం పైమెట్టులో ఎప్పుడూ అమలు కాలేదు. 1996 నుంచి ఆరు ఫెడరేషన్లకి అధ్యక్షుడు ఒక్కడే, దేశానికి అధ్యక్షుడైన పద్నాలుగేళ్లూ కలిపి.

బుర్రలోపురుగు

అయితే ఇప్పుడు మిగిలిందేమిటి?

దస్తావేజు

చరాగువా చూడండి. సాంతా క్రూజ్ జిల్లాలో గ్వారానీల ప్రాంతం. 2009 డిసెంబరు 6న మున్సిపాలిటీని ఆదివాసీ స్వయంపాలనగా మార్చాలా అని ఓటు వేశారు. అప్పుడు అడిగిన 12 చోట్లలో 11 అవునన్నాయి. తర్వాత సొంత నియమావళి రాయాలి, అది రాజ్యాంగ న్యాయస్థానం పరిశీలించాలి, మళ్లీ రెఫరెండం. చరాగువాకి అది 2015 సెప్టెంబరు 20న దాటింది, 2017 జనవరిలో కొత్త పాలన కూర్చుంది. మొత్తం ఏడేళ్లు. అదే రోజు ఎగువన తోతోరా మార్కా తన నియమావళినే కాదంది. చరాగువాలో పార్టీ లేదు, మండలాలవారీగా సభల్లోనే మనుషుల్ని ఎంచుకుంటారు.

ఇంద్రవెల్లి_దారి

గా నియమావళిల డబ్బుల లెక్క ఎవరు చూస్తరో ఉన్నదా? మన గ్రామసభకు గదే కావాలె.

దస్తావేజు

నిర్ణయించే సభ వేరు, నియమాలు చేసే సభ వేరు, ఖర్చు పెట్టే కార్యవర్గం వేరు. మున్సిపాలిటీకి వచ్చే పన్నుల వాటా అలాగే కొనసాగుతుంది. కార్యవర్గంలో మండలానికొకరు. సభల విభజన ఉన్న అధ్యాయాలు తెలుగులో వివరంగా రాసి ఈ వారాంతం ఇక్కడే పెడతాను.

మన్యంవాకిలి

పెట్టండి. నేను పెసా నియమాలు పక్కన పెట్టుకుని కూర్చుంటాను.